ఆదెమ్మ చూసిన పసుపు

సుగుణా,

వచ్చే వారం నుంచి ఆ మందుల కిటికీ వెనక నువ్వు కూర్చుంటావు. పని ఎలా ఉంటుందో రాసిమ్మని అడిగావు. ఉద్యోగం విరమించినవాళ్ళు ఇలాంటివి పడక్కుర్చీలో కూర్చుని తీరిగ్గా రాస్తారు. నేను వయసు మీరి మానలేదు, ఒళ్ళో బిడ్డతో మానాను. పాప నిద్రపోయాకే నాకు చేతులు ఖాళీ అవుతాయి. రెండు వాక్యాలు రాస్తాను, లేచి వెళ్ళి ఉయ్యాలలో దాని ఊపిరి చూసి వస్తాను. అందుకని ఇందులో వరుస తప్పితే ఏమీ అనుకోకు.

జీతం, సెలవులు, తనిఖీకి వచ్చినవారికి ఏం చూపించాలి, ఇవన్నీ నీకు ఎవరో ఒకరు చెబుతారు. సీసాల మీది పేర్లు నీకు మద్రాసులోనే నేర్పి ఉంటారు. ఏ రెండు మందులు సీసాలో కలపకూడదో మాకూ నేర్పారు. మనుషుల కడుపుల్లో కలిసేవాటి గురించి మాత్రం ఎవరూ చెప్పలేదు. నాకు తెలిసింది అదొక్కటే. అది రాస్తాను.

హస్తవాసి

మన ఆసుపత్రికి వచ్చే మనిషి ఒక్క డాక్టరు దగ్గరికి వచ్చాడని ఎప్పుడూ అనుకోకు. కాలువ అవతల ఆచారి గారి కషాయం తాగి ఉంటాడు. చేపల లారీ ఎక్కి నెల్లూరు వెళ్ళి సూది వేయించుకుని ఉంటాడు. ఆ తర్వాతే మన దగ్గరికి వస్తాడు. అడిగితే తల అడ్డంగా ఊపుతాడు.

అది అబద్ధం కాదు, భయం. ఇక్కడివాళ్ళకి మందు కంటే ఇచ్చిన చెయ్యి ముఖ్యం. ఒక డాక్టరు ముందు ఇంకొక డాక్టరు పేరు ఎత్తితే ఈయన చేతి వాసి విరిగిపోతుందని నమ్మకం. విరిగిన చెయ్యి ఇచ్చిన మందు మట్టితో సమానం. అందుకే ఎవరి మందు వాళ్ళ ముందు, మిగతావాళ్ళ మందు కొంగు చాటున.

మా పెద్ద డాక్టరు గారు ఈ నమ్మకానికి తెలియకుండానే నీళ్ళు పోసి పెంచారు. మంచివారు. వానలో బురదలో నడిచి పురుళ్ళకి వెళ్ళినవారు. కానీ రోగి ఇంకొక డాక్టరు పేరు ఎత్తితే కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టేవారు. అంతే. ఒక్క మాట అనేవారు కాదు. ఆ అద్దాలు బల్ల మీద టక్కుమన్న తర్వాత నోరు విప్పిన రోగిని నేను చూడలేదు. కోప్పడే డాక్టరుతో అంత ప్రమాదం లేదు. చిన్నబుచ్చుకునే డాక్టరుతోనే ఉంది.

కాబట్టి అడగాల్సింది కిటికీ దగ్గర నువ్వే. "ఇంకేం మందులు వాడుతున్నారు?" అని అడగకు. కషాయం వాళ్ళకి మందు కాదు, తాయెత్తు నీళ్ళు మందు కాదు, బజారు బిళ్ళ మందు కాదు. "ఇంకేం తాగుతున్నారు, ఏం మింగుతున్నారు, ఏం రాసుకుంటున్నారు" అని అడుగు. ఇది నాకు ఒక సీసా నేర్పింది.

కాటుక సీసా

నేను చేరిన కొత్తలో వెంకటాచలం వైపు నుంచి ఒక రైతు తన భార్యని తీసుకుని వచ్చాడు. ఆమె బాలింత, ఒంట్లో రక్తం లేదు. ఇనుము కలిసిన టానిక్ వాళ్ళు తెచ్చుకున్న సీసాలోనే పోసి పంపాం. కొద్ది రోజులకి అతను ఆ సీసాని గోనెగుడ్డలో చుట్టి, పాముని పట్టుకున్నట్టు చెయ్యి చాచి పట్టుకుని తెచ్చాడు.

"చూడమ్మా, నువ్వు పోసినప్పుడు తేనె రంగు. ఇప్పుడు చూడు."

గుడ్డ విప్పితే సీసా నిండా కాటుక.

"మా దాయాది చేయించినాడు. గట్టు తగాదా ఉండాది మాకు. భూతవైద్యుడి కాడికి పోతా, దోవలో నీకు చూపిచ్చి పోదామని వచ్చినా."

"ఇందులో ఇంకేమైనా పోశారా?"

"ఏం పోయలా."

వెనక నుంచి అతని భార్య గొణిగింది. "ఆచారి గారి కషాయం పోసినాం గదా."

"అది మందు గాదు గదమ్మే. కషాయం. రెండు సీసాలు ఎందుకు, లోపలికి పోయినాక అంతా ఒకటే గదా అని కలిపినాం," అన్నాడతను.

కరక్కాయ కషాయానికి ఇనుము తగిలితే అయ్యేది సిరా. అతని భయం పోవాలని గ్లాసులో కాస్త టానిక్ పోసి, అంగడి నుంచి కరక్కాయ తెప్పించి నలిపి నానేసి ఆ నీళ్ళు కలిపి చూపించాను. అతని కళ్ళముందే నల్లబడింది. అతను రెండడుగులు వెనక్కి వేశాడు.

"అయితే నువ్వు కూడా చేయగలవన్నమాట," అన్నాడు.

ఆ తర్వాత అతను మన ఆసుపత్రికి రాలేదు. నిజం చూపిస్తే భయం పోతుందని నీకూ నేర్పి ఉంటారు. ఒక్కోసారి భయం చోటు మారుతుంది, అంతే.

ఆదెమ్మ

ఇక ఎవరి కోసం ఇదంతా రాస్తున్నానో ఆమె సంగతి చెబుతాను. ఆమె ఇక నీ కిటికీకి వస్తుంది.

ఆదెమ్మది సముద్రం ఒడ్డున ఉన్న పాళెం. భర్త పోయాక ఎండుచేపలు అమ్మి ఇద్దరు కొడుకులను పెంచింది. కొడుకులు వేరు పడ్డాక ఆమెని పూటలుగా పంచుకున్నారు. మధ్యాహ్నం కూడు పెద్దకోడలు బుజ్జమ్మ పెడుతుంది, రాత్రి కూడు చిన్నకోడలు రవణమ్మ పెడుతుంది. ఇద్దరు కోడళ్ళకీ చేపల గంప దగ్గర ఎప్పుడో మాటా మాటా వచ్చి పలుకులు లేవు. నడిమి గోడకి అటొకరు, ఇటొకరు. ఆ గోడ పక్క నీడలో ఆదెమ్మ, చేతిలో ఎండుచేపల మీద వాలే కాకుల్ని తోలే కర్ర.

ఆమెకి ఆయాసం, కాళ్ళ వాపు. గుండె జబ్బు. బుజ్జమ్మ మన ఆసుపత్రికి తీసుకొస్తే మా డాక్టరు గారు డిజిటాలిస్ కలిపిన మిక్స్చర్ రాశారు. గుండెను నిదానం చేసి గట్టిగా కొట్టించే మందు అది. చాలినంత పడితే ప్రాణం నిలబెడుతుంది. అంతకు కాస్త మించితే అదే ప్రాణం తీస్తుంది. దానికీ దీనికీ మధ్య దూరం చాలా తక్కువ.

ఒకరోజు ఆమె తనే సీసా పట్టుకుని వచ్చింది. నేను ఎప్పటిలాగే తెల్ల చీరలో ఉన్నాను.

"ఏంది కాంపౌండరమ్మా, పెండ్లికూతురి మాదిరి పసుపు కోక కట్టినావే!"

"తెల్లదే ఆదెమ్మా."

"పోమ్మే. నాకు కండ్లు లేవనుకున్నావా?"

వరుసలో ఉన్నవాళ్ళు నవ్వారు. ఆమె నవ్వలేదు. నా మోకాళ్ళ వైపు చూసి, "ఆ బిడ్డ ఎవరిది, నీ కుచ్చిళ్ళు పట్టుకోనుండాది?" అంది.

నా పక్కన ఎవరూ లేరు. నేను నెల తప్పానని నాకే తెలియని రోజులవి. తెలిశాక మొదట నాకు గుర్తొచ్చింది ఆ మాటే. మందు గురించి ఆలోచించాల్సిన బుర్ర కొంతకాలం ఆ బిడ్డ చుట్టూనే తిరిగింది.

తర్వాత పాళెం నుంచి వచ్చేవాళ్ళ నోట ఒక్కొక్కటే వినపడసాగింది. ఆదెమ్మకి ఉప్పు కొఠార్లలో కుప్పలన్నీ పసుపు కుప్పల్లా కనిపిస్తున్నాయట. ప్రతి దీపం చుట్టూ ఒక గుండ్రటి ముగ్గు తిరుగుతోందట. కూడు వాసనే పడటం లేదట, ఉపవాసమే. అన్నీ కలిపి చూసి గంగమ్మ పూనిందని తేల్చారు. పసుపు ఎవరిది? అమ్మది. ఉపవాసం ఎవరు ఉంటారు? అమ్మ వచ్చినవాళ్ళు. ఆ ఊరివాళ్ళ లెక్కలో తప్పు పట్టడానికి ఏమీ లేదు.

ఒక ఉదయం ఆమె ఒడ్డుకి నడిచి వెళ్ళి, "నీళ్ళల్లో దీపాలుండాయి. తెప్పలు దించొద్దండి," అంది. పాళెంలో మాట చెల్లే పెద్దమనిషి, పెద్దకాపు, అందరినీ ఆపేశాడు. ఆ రోజు సముద్రం పళ్ళెంలో నీళ్ళలా కదలకుండా ఉంది. గాలి లేదు, వాన లేదు. పక్క పాళెంవాళ్ళు వెళ్ళి గంపల నిండా చేపలతో తిరిగొచ్చారు.

"ఏమీ జరగలేదు కదా," అన్నాను, ఆ సంగతి చెప్పడానికి వచ్చిన మనిషితో.

"అదే గదమ్మా," అన్నాడతను గొంతు తగ్గించి. "అమ్మ ఆపింది."

ఒకే చాప

ఒక శుక్రవారం పాళెం ఆడవాళ్ళు పసుపు నీళ్ళు తీసుకుని వెళ్తుంటే నేనూ వెళ్ళాను. నిజం చెప్పాలంటే కుతూహలంతోనే వెళ్ళాను.

ఇంటి నడిమి గదిలో ఆదెమ్మ కూర్చుని ఉంది. ఎండిపోయింది. కళ్ళు మాత్రం నా తల పైన ఏదో చూస్తున్నాయి. ఆమెకి అటూ ఇటూ బుజ్జమ్మ, రవణమ్మ, ఒకే చాప మీద. ఒకరు విసురుతున్నారు, ఇంకొకరు కాళ్ళు కడుగుతున్నారు. గదిలో పదిమంది ఉన్నారు. బయట అల విరిగితే గోడలో వినపడుతోంది.

దండం పెట్టుకున్నట్టు ఆమె మణికట్టు పట్టుకున్నాను. నాడి ఒకటి కొట్టింది. ఆగింది. ఇంక రాదేమో అనిపించేంత ఆగింది. మళ్ళీ రెండు జంటగా కొట్టి ఆగిపోయింది. చీకట్లో ఎవరో రెండడుగులు వేసి, మనం విన్నామని తెలిసి నిలబడిపోయినట్టు.

పసుపు, దీపం చుట్టూ వలయం, తిండి సహించకపోవడం, జంటలుగా కొట్టే నాడి. తరగతిలో మా మాస్టారు ఇవన్నీ ఒక్క ఊపిరిలో చెప్పి, డిజిటాలిస్ విషం అయితే ఇలా ఉంటుందని నల్లబల్ల తుడిచేశారు. కానీ నేను పోసే మోతాదుకి ఇంత రాకూడదు.

"ఆదెమ్మా, నా మందు కాకుండా ఇంకేం మింగుతున్నావు?"

బుజ్జమ్మ అందుకుంది. "ఇంకేం లేదమ్మా. మధ్యాన్నం కూడు తినినాక నేను పోస్తాండేది ఒకటే."

"నువ్వు పోస్తాండావా?" రవణమ్మ విసనకర్ర ఆగింది. అన్నాళ్ళలో తోడికోడలితో ఆమె అన్న మొదటి మాట అది. "మరి రేత్రి నేనిస్తాండేది ఏంది, శెనగలా?"

కొంగు విప్పి ఒక పొట్లం చూపించింది. గుండుసూది తలంత తెల్లబిళ్ళలు. చిన్నకొడుకు తల్లిని నెల్లూరులో ఒక డాక్టరుకి చూపించి తెచ్చినవి. పేరు వేరు, పని అదే. బిళ్ళగా ఒకపూట, నీళ్ళుగా ఒకపూట. ఇద్దరు డాక్టర్లూ సరిగ్గానే రాశారు. ఇద్దరు కోడళ్ళూ ఒక్కపూట కూడా మరవకుండా ఇచ్చారు. అత్తకి మందు పోయలేదనే మాట పడకూడదని పంతం పట్టి మరీ ఇచ్చారు. ఎవరూ తప్పు చేయకుండానే ఆమె చచ్చిపోతోంది.

"ఎందుకు చెప్పలేదు ఆదెమ్మా?"

"చెప్తే ఆయన చెయ్యి ఈయన చేతిని కొట్టేస్తాది గదమ్మా," అంది, చాలా దూరం నుంచి మాట్లాడుతున్నట్టు. "ఒద్దంటే కోడండ్లలో ఒకరికి అలక. రెండూ మింగితే పీడా పాయె."

పరుగున వచ్చి మా డాక్టరు గారికి చెప్పాను. నెల్లూరు డాక్టరు మాట ఎత్తగానే అలవాటుగా అద్దాలు తీశారు. పసుపు మాట వినగానే మళ్ళీ పెట్టుకుని చెప్పులు వెతుక్కున్నారు. ఆ రోజు నుంచి ఆయన మీద నా అభిప్రాయం మారింది.

పాళెం వచ్చి నాడి చూసి రెండు మందులూ ఆపేయమన్నారు. గుమ్మంలో పెద్దకాపు అడ్డం నిలబడ్డాడు.

"అయ్యా, మందు ఆపితే అమ్మ పోతాదా?"

"అమ్మ సంగతి నాకు తెలియదు. ఆపకపోతే ఈమె బతకదు."

పెద్దకాపు వెంటనే పక్కకి తప్పుకోలేదు. వెనక నిలబడ్డ జనం వైపు చూశాడు. ఆ చూపు నేను మరిచిపోలేదు. ఏది పోతే తక్కువ నష్టమో తూకం వేస్తున్న చూపు అది. కాసేపటికి తప్పుకున్నాడు.

దవడలో బిళ్ళ

మందు ఆగాక మెల్లగా ఉప్పు తెల్లబడింది. దీపాల చుట్టూ ముగ్గులు చెరిగిపోయాయి. ఆదెమ్మకి ఆకలి వేసింది. జనం రావడం మానేశారు. చాప ఎవరిది వాళ్ళు చుట్టేసుకున్నారు. కూడు మళ్ళీ పూటలుగా, ఆమె మళ్ళీ గోడ నీడలో కాకులని అదిలిస్తూ.

తర్వాత కాళ్ళు మళ్ళీ వాచాయి. మందు లేకుండా ఆ గుండె నడవదు. ఈసారి రోజుకి ఒకే ఒక చిన్న బిళ్ళ, నా కిటికీ దగ్గర, నా కళ్ళముందు మింగాలని ఏర్పాటు. ఆమె రోజూ వచ్చేది. మింగేది. అయినా వాపు తగ్గదు, ఆయాసం పెరుగుతోంది. డాక్టరు గారు మోతాదు పెంచుదామన్నారు. నాకెందుకో ఆమె దవడ వైపు చూడాలనిపించింది. ఎప్పుడూ పొగాకు ఉండే దవడ అది.

"నోరు తెరువు ఆదెమ్మా."

"తెరిచే ఉండాదిలే."

"నాలుక ఎత్తు."

పొగాకు పక్కన తెల్లగా బిళ్ళ. అరచేతిలోకి ఉమ్మేసి తలదించుకుంది.

"మిగతావి?"

"దాచిపెట్టినా."

"ఎందుకు?"

"జాతర వస్తాండాది గదా. ఆ ఒక్క రోజు అన్నీ ఒకేసారి మింగుదామని." కిటికీ చువ్వలు పట్టుకుంది. "గంగమ్మని ఒక్కసారి మళ్ళీ రానీమ్మా. ఆమె వచ్చినప్పుడు నా కోడండ్లు ఇద్దరూ ఒకే చాప మీద కూకున్నారు. నువ్వూ చూసినావు గదా."

ఏమని చెప్పను సుగుణా? అన్నీ ఒకేసారి మింగితే చస్తావన్నాను. ఆమెకి అది తెలుసు. నేను గర్భిణిని, ఆమె నా కడుపు వైపు చూస్తోంది. చివరికి, "నా చేతి మందుతో నువ్వు చస్తే నా బిడ్డకి తగులుతుంది," అన్నాను. అది చదువుకున్న మనిషి అనే మాట కాదు. నాకు దొరికింది అదే. ఆమె కొంగు ముడి విప్పి బిళ్ళలు నా చేతిలో పోసింది.

"అన్నీ ఇచ్చావా?"

"ఇచ్చినానమ్మా."

ఇచ్చిందో లేదో నాకు తెలియదు. ఇళ్ళల్లో ఇంకా ఎన్ని ముడులు ఉంటాయో నాకు తెలియదు.

జాతర

గంగమ్మ జాతర సాయంత్రం, వెలుతురు ఉండగానే, ఆ తెల్ల చీరతోనే పాళెం చేరాను. కడుపుతో ఉన్నదానివి ఆ జనంలోకి ఎందుకని మా అత్తగారు కోప్పడ్డారు. ఒడ్డున ఇసుకలో కుండ, దాని మీద దీపం, చుట్టూ జనం. నేను వెతికేలోపే డప్పుల మధ్య నుంచి ఆ గొంతు లేచింది. ఆదెమ్మదే, కానీ ఆదెమ్మకి ఉన్న గొంతు కాదు. ఒళ్ళంతా ఊగిపోతోంది. బుజ్జమ్మ, రవణమ్మ ఇద్దరూ ఆమె పాదాల దగ్గర పడి ఉన్నారు.

మింగేసిందనుకున్నాను. జనాన్ని తోసుకుని వెళ్ళి ఆమె మణికట్టు దొరకబుచ్చుకున్నాను. భక్తి అనుకుని దారి ఇచ్చారు.

చెవి దగ్గర నోరు పెట్టి, "నా కోక రంగేంది ఆదెమ్మా?" అన్నాను.

ఊగుతూనే, నాకొక్కదానికే వినపడేలా, రోజూ కిటికీ దగ్గర మాట్లాడే గొంతుతో, "తెల్లది," అంది.

ఆ వెంటనే తల వెనక్కి విరిచి అరిచింది. "నా గుడికి రెండు వాకిళ్ళు పెట్టినారే! ఈ ముసల్దాని నోట్లో ఒక్క చేతి మందే పడాల! ఒక్క పొయ్యి మీద కూడే పడాల! ఇద్దరూ వినినారా?"

ఇద్దరూ ఇసుకలో తల ఆనించి ఏడ్చారు. నాకు నవ్వొచ్చింది. ముసలమ్మ ఎంత తెలివైనది, బిళ్ళ లేకుండానే పని జరుపుకుంది అనుకున్నాను. ఆ నవ్వు పూర్తిగా రాకముందే నా వేళ్ళకి తెలిసింది.

నాడి సరిగ్గా ఉంది. జంటలు లేవు, ఆగడం లేదు. మరీ సరిగ్గా ఉంది. అంత ఊగుతున్న మనిషికి, అంత అరుస్తున్న మనిషికి గుండె దడదడలాడాలి. నటించినా దడదడలాడాలి. నిజమైనా దడదడలాడాలి. నా వేళ్ళ కింద అది పడుకుని నిద్రపోతున్న మనిషి నాడిలా, తొందర లేకుండా, చివరిదాకా అలాగే కొట్టుకుంది. నేను చెయ్యి వదిలేశాను.

మరునాడు ఇద్దరు కోడళ్ళూ కలిసి ఆదెమ్మని కిటికీ దగ్గరికి తీసుకొచ్చారు. ఒక్క బిళ్ళ ఇచ్చాను. అప్పటి నుంచి అంతే. ఒకరోజు ఆదెమ్మ ఒక్కతే వస్తుంది, ఒకరోజు ఆమెతో వాళ్ళిద్దరిలో ఎవరో ఒకరు వస్తారు.

ఇక ఆ బిళ్ళ నీ చేతి మీదుగా వెళ్తుంది. ఇచ్చే ముందు అడుగు. అడిగాక మణికట్టు పట్టుకో. నాడి సరిగ్గా ఉంటేనే ఇవ్వు. సరిగ్గా ఉన్నా నీకు భయం వేస్తే, అది మన సీసాల్లో నుంచి వచ్చింది కాదు. బిళ్ళ ఇచ్చి పంపెయ్యి.